ఆటలో అరటిపండ్లు

(విశాఖపట్టణమున ఉపాధ్యాయులును తలిదండ్రులును కూడిన సభయందు ఒక న్యాయవాది చేసిన ప్రసంగము)



చలిగాలి తిరుగగానే మన పట్టణమున బడి బడికిని క్రీడోత్సవముల సన్నాహము మొదలగును. మైదానమున సున్నపు గీతలు పడును. రంగుకాగితముల తోరణములు వ్రేలాడును. పిల్లలు నాలుగు దండులై జెండాలు పట్టి కవాతు నడతురు. పనిదినమైనను తండ్రులు సెలవు పెట్టి వత్తురు. తల్లులు ఎండకు చేయి అడ్డము పెట్టుకొని తమ బిడ్డ ఏ వరుసలో నున్నదో వెదకుదురు. ఇట్టి పండుగనాడు ఒక ప్రశ్న వేయుట అపశకునమని తలంపకుడు. ఆ వరుసలలో కానరాని బిడ్డలెవరు? ఆనాడు వారెక్కడ నున్నారు? ఈ ప్రశ్న యొక్కటే నేటి నా ప్రసంగమునకు విషయము.

నేను వృత్తిచే న్యాయవాదిని. వైకల్యముగల పిల్లల హక్కులకై పనిచేయు ఉద్యమమున స్వచ్ఛంద సేవకుడను. ఆ పనిమీద పలు బడులకు పోయి నేను చూచినది చెప్పుదును. కొందరు పిల్లలు ఆనాడు ఇంటనే యుందురు. “రేపు ఆటలండీ, ఎండ ఎక్కువ, పిల్లవానిని పంపనవసరము లేదు” అని ముందునాడే కబురు వచ్చును. మరికొందరు బడికి వత్తురు. కొత్త బట్టలు కట్టుకొని నీడను కుర్చీలలో కూర్చుండి చప్పట్లు కొట్టుదురు. ఒక బడిలో, పేరు చెప్పను, కాలికి ఇనుప ఊతము గల బాలిక ఏటేట బహుమానముల పళ్లెము పట్టుకొని వేదికపై నిలుచుచుండెను. తన చేతినుండి నూరు పతకములు ఇతరుల మెడలలోనికి పోయినవి. ఆమెకు ఆ పని ఇచ్చిన వారు చెడ్డవారు కారు. ఆమెను వేదిక నెక్కించితిమన్న సంతోషమే వారికుండెను. కాని ఆ బాలిక నాతో ననిన మాట యిది: “పళ్లెము బరువు కాదు సార్, నాకూ ఒక పందెము ఉంటే బాగుండును.”

మన వీధులలో ఒక మాట కలదు. పెద్దపిల్లలు ఆడుచుండగా చిన్నవాడొకడు తానును వత్తునని ఏడ్చును. వానిని వెళ్లగొట్టుటకు మనసొప్పదు. ఆటలో లెక్కపెట్టుటకు వీలుపడదు. అప్పుడు పెద్దవారు “వీడు ఆటలో అరటిపండు” అందురు. వాడు పరుగెత్తును, కేకలు వేయును, పట్టుబడినను వానికి ఔటు లేదు. ఈ మాటలో దయ యున్నది. ఎవరును నేర్పకయే పిల్లలు కనిపెట్టిన ఉపాయమది. కాని కొంత వయస్సు రాగానే ఆ పిల్లవానికే సంగతి తెలియును: ఔటు లేనివానికి గెలుపును లేదు. వాడు ఆటలో నున్నాడు గాని, ఆట వానిని లెక్కపెట్టుట లేదు. తోడి పిల్లలందరు ఒకటి రెండేండ్లలో ఆ స్థితిని దాటిపోవుదురు. వైకల్యముగల బిడ్డ మాత్రము పదవ తరగతి ముగియువరకు అరటిపండుగనే మిగులును. నేడు మన క్రీడోత్సవములు ఈ పిల్లలకు చేయుచున్నది, మహాదయతో చేసిననాడు సయితము, ఇంతకు మించి లేదు. నేను వారి తరపున అడుగుచున్నది గెలిపింపుమని కాదు. ఓడిపోవుటకును వారికి హక్కుండవలెనని.

చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 2016 వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 వ తేదీనుండి అమలులో నున్నది. 1995 నాటి పాత చట్టము ఏడు వైకల్యములనే పేర్కొనగా, ఇది ఇరువదియొకటింటిని గుర్తించినది. దీని 16 వ సెక్షను విద్యాసంస్థలను గూర్చినది. ప్రభుత్వముచే ధనము పొందునవియే కాక, ప్రభుత్వము గుర్తించిన ప్రతి విద్యాసంస్థయు దానిక్రిందికి వచ్చును. అనగా జీతములు గైకొని నడుపు ప్రైవేటు బడులకును మినహాయింపు లేదు. పిల్లలను వివక్ష లేక చేర్చుకొనవలెననియు, చదువుతోపాటు ఆటలకును వినోదమునకును ఇతరులతో సమానముగ అవకాశములు కల్పింపవలెననియు అందు స్పష్టముగ నున్నది. చదువు, ఆట అను రెండును ఒకే వాక్యమున నున్నవని గమనింపుడు. లెక్కల పాఠము జరుగునపుడు ఒక బిడ్డను బయట కూర్చుండబెట్టుటకు ఏ ప్రధానోపాధ్యాయుడును సాహసింపడు. ఆటల గంటలో కూర్చుండబెట్టుట మాత్రము వాడుక యైనది. చట్టము దృష్టిలో ఈ రెండింటికిని భేదము లేదు. 30 వ సెక్షను ప్రభుత్వమునకే ఆజ్ఞ యిచ్చుచున్నది: క్రీడాస్థలములను తిరిగి తీర్చవలెను, ఆటల కార్యక్రమములను అందరికిని అందునట్లు మార్చవలెను, తగిన ధనము కేటాయింపవలెను అని.

దీని వెనుక నొక అంతర్జాతీయ ఒడంబడిక కలదు. 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆ ఒడంబడికను మన దేశము 2007 అక్టోబరు 1 వ తేదీన ధ్రువపరచినది. వైకల్యముగల పిల్లలకు ఆటలలో ఇతర పిల్లలతో సమానముగ ప్రవేశముండవలెనని దాని 30 వ అధికరణము పలుకుచు, పాఠశాలలలో జరుగు ఆటలును ఇందు చేరునని ప్రత్యేకముగ చెప్పినది. ఎక్కడో కూర్చుండి వ్రాసినవారికి సయితము బడి మైదానము గుర్తునకు వచ్చినదన్న మాట.

“మాకు సర్టిఫికెట్టు చూపుడు, నలువది శాతమున్నదా?” అని కొందరు అడుగుదురు. ఆ నలువది శాతము కొన్ని ప్రత్యేక ప్రయోజనములకై పెట్టిన కొలత. తగు సర్దుబాటు పొందు హక్కునకు ఆ కొలత అడ్డు కాదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసున తీర్పు చెప్పినది. వ్రాతపరీక్షకు సంబంధించిన కేసైనను, ఆ న్యాయము పరుగుపందెమునకును వర్తింపదగినదే. బిడ్డ మెట్లెక్కలేకపోవుచున్నదని కన్నులకు కనబడుచుండగా కాగితమడుగుట న్యాయము కాదు.

ఇక ఆక్షేపణలు. నేను పలుచోట్ల విన్న నాలుగింటికి సమాధానము చెప్పుదును.

మొదటిది: “పోటీ యన్నాక సమానమైన నియమముండవలెను, ఒకరికొక నియమము, మరియొకరికి మరియొక నియమమైన అది పోటీ కాదు” అని. అయ్యా, మన క్రీడలలో అట్టి ఏకనియమము ఏనాడున్నది? ఆరవ తరగతి వానిని పదవ తరగతి వానితో పరుగెత్తించుచున్నామా? జూనియర్లు, సీనియర్లు అని విడదీయుట లేదా? మల్లయోధులను, ముష్టియోధులను తూకము వేసి గోదాలోనికి దింపుట లేదా? తూకము తక్కువైన వానికి వేరు పతకమిచ్చుట దానమని ఎవరైన అనిరా? అంధుల క్రికెట్టును చూడుడు. బంతిలో గలగలలాడు గుండ్లుండును. దానిని చేయి దించి నేలమీదుగా విసరుదురు. పదునొకండుగురిలో నలుగురు పూర్తిగా చూపులేనివారై యుండవలెను. వారు చేసిన ప్రతి పరుగు రెండుగా లెక్కకు వచ్చును. ఇది కనికరము కాదు, లెక్క. ఎవరి శ్రమ ఎంతటిదో తూచి కట్టిన నియమము. నియమము మారినంత మాత్రమున పోటీ పోదు. నియమము లేనప్పుడే పోవును.

రెండవది: “పిల్లవానికి దెబ్బ తగిలిన మా మెడకు చుట్టుకొనును” అని. న్యాయవాదిగ నేనిచ్చు సమాధానము వినుడు. బడిని చట్టము అడుగునది తగినంత జాగ్రత్త. దెబ్బయే తగులరాదన్న పూచీ కాదు. చెడుగుడులో మోకాళ్లు చీరుకొనని వాడెవడు? ఆ భయమున చెడుగుడు మానిపించితిమా? ఎవరికైనను చేయునట్లే నేల చదును చేయుడు, నీరుంచుడు, ప్రథమచికిత్స పెట్టె యుంచుడు. మూర్ఛవచ్చు బిడ్డ యున్నచో, గుండెజబ్బు గల బిడ్డ యున్నచో, తల్లిదండ్రులను, వైద్యుని ముందుగ సంప్రదింపుడు. అంతటితో మీ ధర్మము నెరవేరినది. ఏ విచారణయు చేయక “నీవు రావద్దు” అనుటయే అసలు చిక్కు. అట్టి వెలివేతకు తగిన ధర్మమైన కారణమున్నదని చూపవలసిన భారము 3 వ సెక్షనుచే వెలివేసిన వానిమీదనే పడును. భయపడవలసినది ఆడించుటకు కాదు; ఆడింపకపోవుటకు.

మూడవది: “డిసెంబరు 3 వ తేదీన వారికి వేరుగ ఆటలు పెట్టుచున్నాము గదా!” అని. 1992 నుండి ఆ దినమును ప్రపంచమంతయు జరుపుచున్నది, మంచిదే. ప్రత్యేక పాఠశాలలు, భవిత కేంద్రములు ఆనాడు పడు శ్రమ నాకు తెలియును. చెవిటి పిల్లలకు చెవిటి పిల్లలతోను, చూపులేనివారికి చూపులేనివారితోను ఆడుటలో గల ఆనందము వేరు, దానిని చెరుపరాదు. కాని ఏడాదికొకనాడు వేరు పంక్తిలో విందు పెట్టి, ఇంటి పెండ్లికి మాత్రము పిలువకున్న దానిని బంధుత్వమందుమా? వేరు దినము ఉండుగాక. అది బడి క్రీడోత్సవమునకు తోడు కావలెను గాని బదులు కారాదు. తన తరగతిలో తన ప్రక్క బల్లమీద కూర్చుండు వానితో ఆడుటయే పిల్లవానికి ఆట.

నాల్గవది: “సొమ్మెక్కడిది?” అని. దీనికి కొంచెము విపులముగ చెప్పవలసి యున్నది. ఏలయన చాలమంది ఇదేదో ఖరీదైన వ్యవహారమని బెదరుచున్నారు.

చెవి వినబడని బిడ్డకు ఈల వినబడదు. కాని జెండా కనబడును. ఈల వేయుచునే జెండా దించిన చాలును. చూపులేని బిడ్డ పరుగెత్తుటకు తోడి విద్యార్థి యొకడు చాలును. ఇద్దరి చేతులకు మధ్య ఒక జానెడు తాడు. లేదా మైదానము ఈ కొననుండి ఆ కొనవరకు తాడు బిగించి, దానిని చేతితో తాకుచు పరుగెత్తనిండు. గమ్యమున ఒకరు గంట మ్రోగించుచుండవలెను. చప్పుడు బంతి దొరకలేదా? మామూలు బంతిని పాలిథీను సంచిలో చుట్టి కట్టినచో గరగరలాడుచు దొర్లును. చక్రాల కుర్చీ ఇసుకలో దిగబడును గనుక ఆ పందెమును సిమెంటు బాటమీద పెట్టుడు. చేతులు కాళ్లు స్వాధీనము లేని బిడ్డలకు బోచ్చియా యను ఆట కలదు: ఒక తెల్లని బంతిని ముందు విసరి, దానికి మిక్కిలి చేరువగ ఎవరి బంతి నిలుచునో చూతురు. చేతితో విసరలేనివారు వాలు గొట్టముగుండ దొర్లింతురు. గోలీలాడిన ప్రతివానికిని ఇది తెలిసిన ఆటయే. 1984 నుండి ఇది పారాలింపిక్కులలో నున్నది.

బుద్ధివికాసము మందగించిన పిల్లలకు కావలసినది పరికరము కాదు, పరిచయము. పండుగకు పది దినములు ముందుగనే అదే గీతమీద, అదే దుస్తులతో, అదే వరుసలో వారిచే నడిపింపుడు. ఒకసారికి ఒక మాటయే చెప్పుడు. ఆటిజము గల బిడ్డలకు మన క్రీడోత్సవములలో పెద్ద శత్రువు ధ్వనివర్ధకము. ఆ హోరునకు చెవులు మూసుకొని నేలకు కూలబడిన బిడ్డను చూచి “వీనికి ఆటలు పనికిరావు” అని తేల్చివేయుదుము. ఆ పెట్టె నొక గంటసేపు కట్టివేసి చూడుడు, పనికిరానిదేదో తెలియును. చెట్టు నీడన నిశ్శబ్దముగ నుండు మూల యొకటి ఏర్పరుపుడు. ఇందులో దేనికి వేల రూపాయలు కావలెను? సున్నము, తాడు, గంట, జెండా. వీనికన్న అతిథులకు వేయు పూలదండల ఖర్చు ఎక్కువ.

అన్నిటికన్న ముఖ్యమైనది, కలిసిన జట్లు. నలుగురి రిలే పందెములో ప్రతి జట్టునను వైకల్యముగల బిడ్డ యొకడుండవలెనని నియమము పెట్టుడు. వాని దూరము వాని శక్తినిబట్టి నిర్ణయింపుడు. అప్పుడు మిగిలిన ముగ్గురికిని వాని పరుగుతో పనిపడును. నెల దినములు ముందునుండియే వాని వెంటబడి సాధన చేయింతురు. జాలి చేయలేని పనిని జట్టు చేయును. ఇక బిడ్డ సమ్మతి యన్నిటికిని మొదటిది. ఆడనన్న బిడ్డను దండ వేసి ఊరేగించుట కూడ అన్యాయమే. ఏ ఆట, ఎవరితో, ఎట్లు అని వానినే అడుగవలెను.

ఫలితమేమని అడుగుదురా? వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమున బీదయింట పుట్టిన దీప్తి జీవాంజి కథ తెలుగువారందరును ఎరుగవలెను. మేధోవైకల్యముతో పుట్టిన బిడ్డను చూచి ఊరివారు వెక్కిరించిరి, పిచ్చిదనిరి. ఆ పిల్ల కాళ్లలోని వేగమును ముందుగ కనిపెట్టినది ఏ పెద్ద సంస్థయు కాదు, బడిలోని వ్యాయామోపాధ్యాయుడు. 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున నాలుగువందల మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి ఆమె తన తరగతిలో ప్రపంచ రికార్డు నెలకొల్పినది. అదే సంవత్సరము సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్కులలో కాంస్యపతకము గెలిచినది. ఆ ఉపాధ్యాయుడు ఆనాడు “ఎండ ఎక్కువ, నీవు నీడను కూర్చో” అని యుండిన?

అంత దూరమేల? 2025 నవంబరులో అంధమహిళల తొలి ఇరువది ఓవర్ల ప్రపంచకప్పును కొలంబోలో నేపాలుపై గెలిచిన భారతజట్టులో పాంగి కరుణకుమారి యున్నది. పాడేరు మన్యమున పుట్టి, మన విశాఖలోని ప్రభుత్వ అంధబాలల వసతి పాఠశాలలో చదివిన బాలిక. మన మధ్యనే తిరిగిన బిడ్డ. ఆమెకు బంతి దొరికినది గనుక మనకు తెలిసినది. బంతి దొరకనివారెందరో మనకు తెలియనే తెలియదు.

దేశపు లెక్కయు ఇదే చెప్పుచున్నది. 1972 లో హైడల్‌బర్గున మురళీకాంత్ పేట్కర్ ఈతలో తొలి స్వర్ణము తెచ్చినది మొదలు 2016 వరకు పారాలింపిక్కులలో మన దేశమునకు వచ్చిన పతకములు పండ్రెండు. 2021 లో జరిగిన టోక్యో పోటీలలో పందొమ్మిది; 2024 పారిస్‌లో ఇరువదితొమ్మిది. రక్తము మారలేదు, అవకాశము మారినది. అయినను ఒక మాట. పతకములకొరకే ఈ పిల్లలను ఆడింపుడని నేనుట లేదు. బడిలో పరుగెత్తు ఇతర పిల్లలలో నూటికెందరు పతకములు తెత్తురు? వారిని అందుకొరకు పరుగెత్తించుచున్నామా? ఆకలి వేయుటకు, నిద్రపట్టుటకు, స్నేహితులు కుదురుటకు, ఓడి తిరిగి లేచుటకు పరుగెత్తించుచున్నాము. వీరికిని అవియే కావలెను.

స్వాతంత్ర్యోద్యమకాలమున మన పెద్దలు దేహబలమును దేశబలమనిరి. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు గొలుసులు తెంచి, ఏనుగును రొమ్ముమీద నెక్కించుకొని లోకమును అబ్బురపరచిరి. ఆయన పేరు వినిన మనకు నేటికిని ఒడలు పొంగును. ఆ కాలపు వ్యాయామశాలలు బలవంతులను తయారుచేసినవి. అది ఆనాటి అవసరము. కాని బలవంతులను లెక్కించుటతోనే జాతిబలము తెలియదు. 2011 జనాభాలెక్కలనుబట్టి దేశమున వైకల్యముగలవారు రెండుకోట్ల అరువదియెనిమిది లక్షలు. ఇందరిని నీడను కూర్చుండబెట్టి మిగిలినవారితో మాత్రమే కవాతు చేయు జాతి, తన బలమును తానే తగ్గించుకొనుచున్నది. యుద్ధమున వెన్నెముక విరిగిన సైనికులు పడకలలో కృశించుచుండగా, ఇంగ్లండులో గుట్మన్ అను వైద్యుడు 1948 జులై 29 వ తేదీన పదునారుగురిచేత విలువిద్యపోటీ చేయించెను. నేటి పారాలింపిక్కులకు అదియే విత్తనము. విత్తనము చిన్నదని ఆయన ఆగలేదు.

ఈ పట్టణమునకు ఏమి కొదువ? 1933 లో తెరచిన రేవున్నది, ఉక్కు కర్మాగారమున్నది, నౌకాదళమున్నది, శతాబ్ది చూచుచున్న విశ్వవిద్యాలయమున్నది. వీనిలో ప్రతిదానికిని మైదానములు గలవు. ఉక్కునగరపు అరుణోదయ, నౌకాదళపు కుటుంబములు నడుపు సంకల్ప్, లెబెన్‌షిల్ఫే వంటి ప్రత్యేక పాఠశాలలలో ఈ పిల్లలకు నేర్పు అనుభవముగల ఉపాధ్యాయులు గలరు. ఇరుకు సందులలో అంతస్తులమీద నడచుచు, మైదానము లేని బడులును గలవు. ప్రతి బడికి ఆటస్థలముండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము శాసించుచున్నదని ఆ యజమానులకు గుర్తుచేయుచున్నాను.

కావున ఈ సభవారిని నేను కోరునవి నాలుగు. ఒకటి: ఈ ఏడు మీ బడి క్రీడోత్సవపు పట్టిక వేయుటకు ముందు, బడిలోని ప్రతి వైకల్యముగల బిడ్డ పేరు వ్రాసి, దాని యెదుట వాడు కోరిన ఆట వ్రాయుడు, ఖాళీ యున్నంతవరకు పట్టికను అచ్చువేయకుడు. రెండు: మీ డ్రిల్లు మేష్టరును ఒక్క వారము ప్రత్యేక పాఠశాలకు పంపుడు. మూడు: వీరు గెలిచిన పాయింట్లు దండు మొత్తములో చేరవలెను, ఓదార్పు బహుమానము వద్దు. నాలుగు: తల్లిదండ్రులారా, “మీ వానిని పంపవద్దు” అని కబురు వచ్చిననాడు, ఎందుకో వ్రాతమూలముగ ఇండని అడుగుడు. ఆ కాగితము వ్రాయుటకు చాలమంది చేతులు ఆడవు. వ్రాసిరా, దానిని రాష్ట్ర కమిషనరు ఎదుట పెట్టుటకు మావంటి వకీళ్లున్నారు, రుసుము లేదు.

1966 లో ఈ పట్టణపు వీధులలో “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అను కేక పుట్టినది. అమృతరావుగారు నిరశన పూనిరి. ముప్పదిమందికి పైగా ప్రాణములొడ్డిరి. 1971 లో శంకుస్థాపన జరిగినది. అడిగి తెచ్చుకొనుట ఎరిగిన పట్టణమిది. నేడు మనము అడుగునది కర్మాగారము కాదు. రక్తము చిందవలసిన పనియు లేదు. సున్నపు గీత నొక గజము వెడల్పు చేయుట. ఆ గీతవెంట చక్రాల కుర్చీ పోవలెను. తాడు పట్టుకొని ఇద్దరు పిల్లలు పోవలెను. మెల్లగ నడచు బిడ్డ చివరివానిగ గమ్యము చేరినపుడు, వాని వేళను గడియారము చూచి పుస్తకములో వ్రాయవలెను. ఆనాటితో ఆ బిడ్డ లెక్కలోనికి వచ్చును.